ప్రతుల సంఘర్షణ – పాఠ నిర్ణయం

ఒకే గ్రంథానికి రెండు ప్రతులు లభించి, అవి ఒకదానితో ఒకటి ఏకీభవించనప్పుడు ఏ పాఠాన్ని గ్రహించాలన్న ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. ముద్రణ యంత్రం రాకముందు మన కావ్యాలు తాటాకుల మీద బతికాయి. ఒక ప్రతిని చూచి ఒక లేఖకుడు మరొక ప్రతి వ్రాసేవాడు. దానిని చూచి వేరొక ఊరిలో వేరొకడు వ్రాసేవాడు. చూపు ఒక పంక్తి దాటితే ఒక పద్యం జారిపోయేది. అర్థం కాని పదం ఎదురైతే అలవాటైన పదం దాని స్థానంలో వచ్చి కూర్చునేది. తమకు నచ్చిన పద్యం ఒకటి చేర్చి సంతోషించిన లేఖకులూ ఉన్నారు. ఇలా ఏర్పడిన భేదాలనే పాఠాంతరాలు అంటారు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, తన సొమ్ము వెచ్చించి పండితులను నియమించి, ప్రతిని ప్రతితో సరిపోల్చజేసి శుద్ధప్రతులు తయారుచేయించాడు. ఆయన సేకరించి ఆంగ్లంలోకి అనువదించిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి.

ఆ పండితుల పని ముగిసిపోయిందని, ముద్రణతో పాఠాంతరాల బాధ తీరిందని చాలాకాలం అనుకున్నారు. అచ్చయిన పుస్తకం వేయి ప్రతులైనా ఒక్కటే పాఠం కదా! కాని కంప్యూటరు, సెల్‌ఫోను, ఇంటర్నెట్ కలిసి ఆ బాధను మరొక రూపంలో తిరిగి తెచ్చాయి. ఈసారి అది పండితుల గదిలోకి కాక, ప్రతి విద్యార్థి చేతిలోకి వచ్చింది.

క్లౌడ్ అంటే మేఘమని అర్థమైనా, ఆకాశంలో నిల్వ ఉండేది ఏదీ లేదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో రేయింబవళ్ళు పనిచేసే సర్వర్లు అనే కంప్యూటర్లలో మన ఫైలు ప్రతి ఒకటి భద్రమవుతుంది. డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివి ఇటువంటి సేవలు. ఒక వ్యాసాన్ని ఇంటి కంప్యూటరులో సవరిస్తే ఆ సవరణ సర్వరుకు చేరి, అక్కడి నుండి అదే ఫైలును పంచుకొన్న ఇతరుల కంప్యూటర్లకూ ఫోన్లకూ చేరుతుంది. అన్నిచోట్లా ఒకే పాఠం ఉండేటట్లు చూచే ఈ ప్రక్రియకే సింక్ అని పేరు. ఇది పాత లేఖకుని పనే. అయితే ఈ లేఖకునికి నిద్ర లేదు, చూపు జారదు, సొంత పద్యాలు చేర్చే సరదా లేదు. అటువంటి నమ్మకమైన లేఖకుడు ఉండగా రెండు పాఠాలు ఎలా పుడతాయి? ఒక ఉదాహరణతో ఈ విషయం తేటపడుతుంది.

తెలంగాణలోని ఒక పల్లెకు చెందిన ఇద్దరు విద్యార్థినులు కళాశాల పత్రిక కోసం తమ ఊరి చెరువు చరిత్రను వ్రాస్తున్నారని అనుకొందాం. వ్యాసం వర్డ్‌లో తయారవుతున్నది. ఫైలు క్లౌడ్ ఫోల్డరులో ఉన్నది. శనివారం రాత్రికి సర్వరులో ఉన్నది ఏడవ రూపం. ఆదివారం ఉదయం మొదటి విద్యార్థిని చెరువుకట్ట మీదికి వెళ్ళింది. ఆ చెరువు నీటిని ఏళ్ళ తరబడి పొలాలకు వదిలిన నీరటికాడు, ఇప్పుడు బాగా వృద్ధుడు, కట్టకు గండి పడిన రాత్రిని గూర్చి ఆమెకు చెప్పాడు. ఎవరు ముందుగా చూచారు, ఎవరెవరు ఇసుక మూటలు మోశారు, మత్తడి దగ్గర నీరు ఎంత ఎత్తున పారింది అన్న వివరాలన్నీ ఆయన చెబుతుండగా ఆమె ఫోనులోని వ్యాసంలోనే ఒక పుట నిండా వ్రాసుకొన్నది. అక్కడే 'చెరువుకు రెండు తూములు ఉన్నాయి' అన్న పాత వాక్యాన్ని 'మూడు తూములు ఉన్నాయి' అని దిద్దింది. కట్ట మీద సిగ్నల్ లేదు. ఆమె వ్రాసినదంతా ఫోనులోనే ఉండిపోయింది.

అదే సమయంలో రెండవ విద్యార్థిని ఇంటి దగ్గర అదే ఏడవ రూపాన్ని తెరిచింది. కట్టమైసమ్మ జాతరను గూర్చిన పేరా మరొకచోట కూడా వచ్చిందని గమనించి ఒకదానిని తొలగించింది. తూముల వాక్యాన్ని 'పెద్దతూము, చిన్నతూము అనే రెండు తూములు ఉన్నాయి' అని విస్తరించింది. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నది కనుక ఆమె ప్రతి మధ్యాహ్నానికే సర్వరుకు చేరి ఎనిమిదవ రూపం అయింది. సాయంత్రం మొదటి అమ్మాయి ఊరిలోకి రాగానే ఆమె ఫోను తన ప్రతిని పంపబోయింది. 'ఇది ఏడవ రూపం మీద కట్టిన ప్రతి' అని ఫోను చెబుతుంది. 'నా దగ్గర ఇప్పుడున్నది ఎనిమిదవది' అని సర్వరు అంటుంది. ఒకే మాతృక నుండి రెండు శాఖలు చీలిపోయాయి. సింక్ సంఘర్షణ అంటే ఇదే. ఇందులో యంత్రం తప్పు లేదు, విద్యార్థినుల తప్పూ లేదు. ఒకరి మార్పు సంగతి మరొకరికి తెలియకపోవడమే దీనికి కారణం.

ఇటువంటి సందర్భంలో సేవలన్నీ ఒకేవిధంగా ప్రవర్తించవు. డ్రాప్‌బాక్స్ రెండవదిగా చేరిన ప్రతిని పారవేయకుండా, దాని పేరుకు 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అన్న మాటను, తేదీని జోడించి మొదటి ఫైలు పక్కనే ఉంచుతుంది. వన్‌డ్రైవ్ ఫైలు పేరు చివర కంప్యూటరు పేరును తగిలిస్తుంది. వర్డ్ తానుగా కలపలేని మార్పులు ఎదురైతే, నీ ప్రతిని వేరుగా భద్రపరచుకొంటావా, మార్పులను వదిలివేస్తావా అని అడుగుతుంది. తొందరలో రెండవ మీటను నొక్కినవారు ఎందరో! ఇక్కడ ఒక్క విషయాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. వింత పేరుతో కనిపించే ఫైలు చెత్త కాదు. పై ఉదాహరణలో నీరటికాడు చెప్పిన మాటలన్నీ ఉన్నది ఆ వింత పేరు ఫైలులోనే. ఫోల్డరును శుభ్రపరచే ఉద్దేశంతో దానిని తొలగిస్తే, గండి పడిన రాత్రి ఆ ఊరి చరిత్రలో నుండి జారిపోతుంది. ఆ వృద్ధుడు మరొకసారి అంత వివరంగా చెప్పగలడన్న భరోసా ఏమున్నది?

యంత్రమే రెండింటినీ ఎందుకు కలిపివేయదన్న సందేహం సహజం. నిల్వ సేవకు ఫైలు లోపల ఏమున్నదో పట్టదు. దాని దృష్టిలో అది తాళం వేసిన పెట్టె వంటిది. పైగా 2007 నుండి వర్డ్ వాడుతున్న డాక్‌ఎక్స్ పద్ధతిలో ఒక్కొక్క పత్రం నిజానికి జిప్ చేసిన ఒక మూట. పాఠం ఒక ఫైలులో, అక్షరాల తీరుతెన్నులు మరొకదానిలో, బొమ్మలు ఇంకొకచోట ఉండగా, అన్నింటినీ కుదించి కట్టిన కట్ట అది. కుదింపు వలన లోపల ఒక్క పదం మారినా బయటికి కనిపించే సంకేతాలు ఎన్నో మారిపోతాయి. మూటను విప్పి చదవగల వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌కు తప్ప, మూటలను మోసే సేవకు కలపడం సాధ్యం కాదు.

ఇక చాలామంది అనుసరించే సులభమార్గం ఒకటున్నది: రెండు ఫైళ్ళ తేదీలను చూచి, తాజాగా భద్రపరచినదానిని ఉంచి పాతదానిని తీసివేయడం. ఇది మార్గం కాదు, ప్రమాదం. రెండవ విద్యార్థిని రాత్రి పడుకోబోయే ముందు తన ప్రతిని తెరిచి ఒక్క కామా పెట్టి మూసినా ఆమె ప్రతే 'తాజాది' అవుతుంది. ఆ కామా కోసం ఒక పుట పాఠాన్ని బలిపెట్టవలసిందేనా? అదీగాక ఫోను గడియారం, కంప్యూటరు గడియారం ఒకే వేళను చూపాలన్న నియమం లేదు. లెస్లీ లాంపోర్ట్ అనే శాస్త్రవేత్త 1978లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ పరిశోధన పత్రంలో ఈ సమస్యను మూలం నుండి పరిశీలించాడు. ఒక సంఘటన ప్రభావం మరొకదానికి చేరే వీలున్నప్పుడే మొదటిది ముందు, రెండవది తరువాత అని చెప్పగలం. ఒకదాని సంగతి ఒకదానికి చేరే దారే లేకపోతే, గడియారాలు ఏమి చెప్పినా, వాటి మధ్య ముందువెనుకలు లేవు, అవి సమకాలికాలు. కట్ట మీద చేసిన మార్పు, ఇంటిలో చేసిన మార్పు అటువంటివే. వాటిలో తాజాది ఏది అన్న ప్రశ్నకు అర్థమే లేదు.

తేదీని పక్కన పెట్టి, రెండు ప్రతులను ఎదురెదురుగా ఉంచి చదివితే సరిపోతుందా? ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. మొదటి ప్రతిలో గండి పుట ఉన్నది; రెండవదానిలో లేదు. మొదటి ప్రతిలో జాతర పేరా రెండుచోట్ల ఉన్నది. రెండవదానిలో ఒకచోటే ఉన్నది. చూపుకు రెండూ ఒకేరకం భేదాలు: ఇక్కడ ఉన్నది అక్కడ లేదు. కాని వాటి పుట్టుక వేరు. గండి పుటను ఒకరు కొత్తగా చేర్చారు. జాతర పేరాను మరొకరు కావాలని తొలగించారు. ప్రతులు రెండే ఉన్నప్పుడు ఏది చేర్పు, ఏది తొలగింపు అని తెలుసుకోవడానికి ఆధారం ఉండదు. ప్రాచీన కావ్యాలను పరిష్కరించిన పండితులను జీవితాంతం వేధించిన ప్రశ్న సరిగా ఇదే. ఒక పద్యం ఒక ప్రతిలో కనిపించి వేరొక ప్రతిలో కనిపించకపోతే, అది మొదటి లేఖకుడు చేర్చిన ప్రక్షిప్తమా, రెండవ లేఖకుని వలన కలిగిన గ్రంథపాతమా? కవి స్వహస్తంతో వ్రాసిన మాతృక ఉంటే ఒక్క క్షణంలో తేలిపోయేది. అది ఎక్కడుంది! శైలిని బట్టి, ఛందస్సును బట్టి, కథా సందర్భాన్ని బట్టి ఊహించవలసిందే.

క్లౌడ్‌ను వాడే విద్యార్థికి ఈ విషయంలో గొప్ప అదృష్టం ఉన్నది. రెండు శాఖలూ చీలిన మాతృక, అంటే ఏడవ రూపం, సర్వరులో దాదాపు ఎల్లప్పుడూ దొరుకుతుంది. 'వెర్షన్ హిస్టరీ' అన్న పేరుతో ఈ సేవలన్నీ పాత రూపాలను కొంతకాలం దాచి ఉంచుతాయి. ఏడవ రూపాన్ని తెరిచి చూస్తే జాతర పేరా రెండుచోట్ల కనిపిస్తుంది. గండి పుట కనిపించదు. సందేహం తీరిపోయింది. జాతర పేరా తొలగింపును, గండి పుట చేర్పును రెండింటినీ స్వీకరించాలి. ఇలా మాతృకను దగ్గర ఉంచుకొని రెండు శాఖలను పోల్చే పద్ధతిని కంప్యూటర్ నిపుణులు త్రిముఖ సంయోజనం అంటారు. ఒక్కరే మార్చిన చోట ఆ మార్పును గ్రహించాలి. ఇద్దరూ మార్చని చోట మాతృక పాఠమే నిలుస్తుంది. ఇద్దరూ ఒకేచోట వేర్వేరుగా మార్చితే, అక్కడ మాత్రమే మనిషి నిర్ణయం అవసరం.

పని చేసే క్రమం కష్టమైనది కాదు. ముందుగా ఇద్దరూ వ్రాయడం ఆపి, మూడు రూపాలకూ, అంటే మాతృకకు, రెండు శాఖలకు, వేరొక ఫోల్డరులో నకళ్ళు తీసి పెట్టుకోవాలి. వర్డ్‌లో 'రివ్యూ' శీర్షిక కింద 'కంపేర్' అన్న సాధనం ఉన్నది. మాతృకను అసలు పత్రంగా, మొదటి అమ్మాయి ప్రతిని సవరించిన పత్రంగా చూపితే, ఆమె చేసిన మార్పులు మాత్రమే రంగులో బయటపడతాయి. రెండవ ప్రతితోనూ ఇలాగే చేయాలి. ఫలితం కొత్త పత్రంగా తెరచుకొంటుంది కనుక పోల్చిన ప్రతులకు హాని లేదు. అదే సాధనంలోని 'కంబైన్' ఇద్దరి మార్పులనూ ఒకే పత్రంలో గుర్తులతో చూపుతుంది. ఒక్కొక్కదానిని ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్‌లో 'ఎడిట్' శీర్షిక కింద మార్పుల విభాగంలో ఇటువంటి సాధనాలే ఉన్నాయి. అన్నింటినీ ఒక్క నొక్కుతో ఆమోదించే సౌకర్యం కూడా ఉన్నదిగాని, దాని జోలికి పోకపోవడం మేలు.

మిగిలినది తూముల వాక్యం. ఇద్దరూ దానినే మార్చారు. ఒకరు మూడు అన్నారు, మరొకరు పేర్లతో సహా రెండు అన్నారు. ఈ వివాదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేదు, ఎందుకంటే జవాబు ఫైలులో లేదు, చెరువుకట్ట మీద ఉన్నది. ఇద్దరూ మళ్ళీ వెళ్ళి అడిగితే, మూడవ తూము ఎప్పుడో పూడిపోయిందనీ, నీరు పారేది మిగిలిన రెండింటి నుండేననీ నీరటికాడు చెప్పాడనుకొందాం. అప్పుడు 'చెరువుకు మూడు తూములు ఉన్నాయి. ఒకటి పూడిపోగా ఇప్పుడు పెద్దతూము, చిన్నతూము మాత్రమే పనిచేస్తున్నాయి' అన్న వాక్యం సిద్ధమవుతుంది. ఇది ఏ ప్రతిలోనూ లేని మూడవ పాఠం. ప్రాచీన కావ్య పరిష్కర్తకు ఈ స్వేచ్ఛ లేదు. ఆయన ప్రతులలో ఉన్న పాఠాలలో ఒకదానిని ఎన్నుకోవాలి తప్ప, బాగున్నదని తానొక పాఠాన్ని అల్లరాదు. బతికి ఉన్న వ్యాసానికి కర్తలు ఎదుటనే ఉన్నారు కనుక ఆ స్వేచ్ఛ వారికి ఉన్నది.

ఎన్నుకోని పాఠాన్ని ఏమి చేయాలన్నదానికీ మన పండితుల దగ్గర మంచి సంప్రదాయం ఉన్నది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ప్రారంభించి 1966లో పూర్తిచేసిన సంస్కృత మహాభారత సంశోధిత ప్రతిలో, గ్రహించిన పాఠం పైన, తక్కిన ప్రతుల పాఠాంతరాలు పుట కింద ఉంటాయి. సంపాదకులకు పూర్తి విశ్వాసం కలగని చోట ఆ అక్షరాల కింద అలలవంటి గీత ఉంటుంది. నిర్ణయించారు, కాని నిర్ణయించిన సంగతిని దాచలేదు. వర్డ్‌లోని 'కామెంట్' ఈ అధస్సూచికకు సరితూగుతుంది. 'ముందు రెండు అని ఉన్నది. కట్ట మీద విచారించి మార్చాం' అని అంచులో ఒక్క మాట వ్రాసి ఉంచితే, పత్రిక సంపాదకుడు దానిని మళ్ళీ రెండుగా దిద్దకుండా ఉంటాడు. జాతర పేరా తొలగింపును గూర్చి కూడా స్నేహితురాలికి ఒక మాట చెప్పడం మర్యాద. ఆమె ఆ పేరాను అక్కడ కావాలనే ఉంచి ఉండవచ్చు.

ఇంత శ్రమ లేకుండా ఇద్దరూ ఒకే పత్రంలో ఏకకాలంలో వ్రాసే వీలున్నది కదా అని అనవచ్చు. నిజమే. గూగుల్ డాక్స్‌లోనూ, క్లౌడ్‌తో కలిపి వాడే నేటి వర్డ్‌లోనూ ఆ సౌకర్యం ఉన్నది. దీనికి పునాది అయిన ఆలోచనలలో ఒకటి క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ 1989లో ప్రతిపాదించినది. ఒకరు పంక్తి మొదట అయిదు అక్షరాలు చేర్చుతుండగా, మరొకరు అదే పంక్తిలో ఇరవయ్యవ అక్షరాన్ని తొలగించారనుకొందాం. మొదటి మార్పు ముందుగా అమలైతే, తొలగించవలసిన అక్షరం ఇరవై అయిదవ స్థానానికి జరిగి ఉంటుంది. ఒక్కొక్క మార్పును మరొకదాని వెలుగులో ఇలా సవరించి అమలుచేస్తే అందరి తెరల మీదా ఒకే పాఠం నిలుస్తుంది. ఇది చక్కని ఉపాయమే అయినా ఇది కాపాడేది అక్షరాల క్రమాన్ని, అర్థాన్ని కాదు. ఒకరు వ్యాసమంతటా 'చిన్నతూము' అన్న పేరును 'గొల్లతూము'గా మార్చుతున్న క్షణంలోనే, మరొకరు 'చిన్నతూము' ప్రసక్తితో కొత్త పేరా చేర్చితే ఏ హెచ్చరికా రాదు. చదివేవానికి మాత్రం ఊరిలో మరొక తూము పుట్టుకొస్తుంది. నెట్ లేని కట్ట మీద వ్రాసినప్పుడు ఈ ఉపాయం కూడా సిగ్నల్ వచ్చేదాకా ఆగవలసిందే.

తెలుగులో వ్రాసేవారికి ఇంకొక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. పోల్చే సాధనం కొన్నిసార్లు కంటికి అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉన్న పదాలను వేరని చూపుతుంది. 'రైతు' అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా వ్రాయవచ్చు. ఎత్వం, దాని కింది గుర్తు అన్న రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ నియమం చెబుతున్నా, దానిని పాటించకుండా సంకేతాలను ఉన్నవున్నట్లు పోల్చే సాధనాలకు అవి వేర్వేరు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో టకారపు పొల్లు తరువాత వకారం వత్తుగా మారకుండా ఉండేందుకు కంటికి కనిపించని ఒక గుర్తును ఉంచుతారు. ఒక కీబోర్డు దానిని ఉంచి, మరొకటి ఉంచకపోతే అది కూడా భేదంగానే లెక్కకు వస్తుంది. ముద్రణాలయాల పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని యూనికోడ్ పాఠంతో పోల్చితే, పత్రమంతా మారినట్లే కనిపిస్తుంది. కనుక జట్టుగా వ్రాసేవారు ముందే ఒకే యూనికోడ్ కీబోర్డును ఎంచుకోవడం మంచిది. వాడుకలో ఉన్న 'చేయి', 'చెయ్యి' వంటి రూపభేదాలలో ఏది పాటించాలో కూడా అప్పుడే అనుకొంటే, పోల్చేటప్పుడు నిజమైన భేదాలు మాత్రమే మిగులుతాయి.

సిగ్నల్ లేనిచోటికి వెళ్ళేవారు ఉమ్మడి వ్యాసాన్ని కదపకుండా, విన్నదానిని వేరొక ఫైలులో వ్రాసుకొని వచ్చి తరువాత చేర్చితే సంఘర్షణకు తావే ఉండదు. ఇంత చెప్పినా ఎవరో ఒకరు వింత పేరు ఫైలును తొలగించనే తొలగిస్తారు. అప్పుడు ఆలస్యం చేయకుండా సేవ వెబ్‌సైటులోని చెత్తబుట్టను వెదకాలి. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలోనూ, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్‌ల వ్యక్తిగత ఖాతాలలోనూ తొలగించిన ఫైలు సాధారణంగా 30 రోజులు అక్కడ ఉంటుంది. ముప్ఫై ఒకటవ రోజున నీరటికాని ఇంటికి మళ్ళీ వెళ్ళవలసి వస్తుంది.